కోడలి చేతి ఐసు

మొన్న ఎండాకాలంలో, మనిషన్నవాడు బయటికి రాని మధ్యాహ్నం వేళ చూసుకుని, వనజత్త కోరుట్ల నుంచి జగిత్యాలలోని మా ఇంటికి వచ్చింది. వనజత్త అంటే మా పెద్దమ్మ కూతురు, మా మేనమామ రాజేశం భార్య. పెళ్లికి ముందు వనజక్క. మా ఇళ్లల్లో ఒక పూటలో అక్క అత్త అయిపోవడం వింతేమీ కాదు, నోరు తిరగడానికి కొన్నాళ్లు పడుతుంది, అంతే. వచ్చి, ఫ్యాను కింద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, మామ గొంతు క్యాన్సర్‌కు కరెంటు పెట్టడం అయిపోయిందనీ, ఇక దవాఖానకు తీసుకురావద్దని డాక్టర్లు చెప్పారనీ అంది. నయమైన వాళ్లకూ ఆ మాటే చెబుతారు. మామ నయమైనవాళ్లలో లేడని ఆమె కొంగు తీరు చూస్తేనే తెలిసింది.

"ఏం తింటలేడే శోభా. మింగుడు అయితలేదు. సల్లటియి అయితెనే ఇంత లోపటికి పోతున్నయి."

"ఐస్‌క్రీం పెట్టకపోయినవా?"

"పెట్టిన. వద్దంటడు. సుగుణ చేసే మామిడి ఐసు గావాల్నట."

ఈ మాట ఆమె నాతో కాకుండా ఫ్యానుతో అంది. ఒక మనిషికి వండిపెట్టి ముసలిదైపోయిన ఆడది, అతనికి ఇంకొకతె చేతి వంట కావాలని చెప్పడానికి ఆ ఇంకొకతె చెల్లెలి ఇంటికి రావడం, ఎండలో రావడం కంటే కష్టమైన పని. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే సాయం చేయలేదు. చల్ల గ్లాసు చేతికిచ్చి, ఇంకా ఏమంటుందోనని ఎదురుగా కూర్చున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, ఎదుటివాళ్లు తడబడుతుంటే ఓపికగా చూడడం నాకు అలవాటే.

సుగుణ మా అక్క. ఇప్పుడు మెట్‌పల్లిలో ఉంటుంది. ఆమె ఐసు చేయడం మానేసి చాలా కాలమైంది. ఎందుకు మానేసిందో వనజత్తకు నాకంటే బాగా తెలుసు.

మాది సిరిసిల్ల. బాపు సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. వాటి పక్కనే పుట్టి, వాటి పక్కనే పెరిగిన పిల్లలం గనుక మాకు మెల్లగా మాట్లాడడం రాదు. వేసవి సెలవులకు కోరుట్లలో అమ్మమ్మ ఇంటికి పోతే, మేం గడప దాటేలోపే మా గొంతులు వీధి చివరకు చేరేవి. అదే సెలవులకు జగిత్యాల నుంచి పెద్దమ్మ పిల్లలు వచ్చేవారు. వాళ్ల నాయన సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్లు నోట్లోనే మాట్లాడుకునేవారు. "అమ్మమ్మా, వీళ్లకు చెవుడా?" అని వనజక్క తమ్ముడు మా ముందరే అడిగేవాడు. అమ్మమ్మ నవ్వేది. ఆమె మమ్మల్ని ఎప్పుడూ తిట్టలేదు. మాకు ఎక్కడ నొప్పి పుడుతుందో ఆమెకు తెలుసు కాబట్టి, తిట్టాల్సిన అవసరం పడేది కాదు.

బట్టల మూటతో పాటు సిరిసిల్ల నుంచి మేం తప్పకుండా తెచ్చేది ఒకటుండేది. అరిగిపోయిన కండె పుల్లలు. మగ్గంలో అడ్డంగా నేసే పేక నూలు చుట్టే సన్నటి కట్టె పుల్ల అది. ఏళ్ల తరబడి నూలు ఒరుసుకుని నున్నగా, సబ్బు ముక్కలా అయ్యేది. వాటిని బాపు గరుకు కాగితంతో రుద్ది, ఉడకబెట్టి, ఎండబెట్టి, కట్ట కట్టి ఇచ్చేవాడు. అల్లుడిగా ఆయన అత్తగారింటికి పంపిన కానుక ఏదైనా ఉంటే అదే. కోరుట్లలో ఆ వీధి పిల్లలంతా మామిడి ఐసు చీకింది ఆ పుల్లల మీదే. ఐసు అయిపోయాక పుల్లను ఎక్కడ పారేసినా, అమ్మమ్మ మమ్మల్ని పంపి ఏరించేది. జగిత్యాల పిల్లలు విసిరేసేవారు, సిరిసిల్ల పిల్లలం ఏరేవాళ్లం. ఆట బాగానే ఉండేది. ఎవరూ ఓడిపోయినట్లు అనిపించేది కాదు, అప్పుడు.

ఇంట్లో ఫ్రిజ్ లేదు. బజారు నుంచి ఐసుగడ్డను ఊకలో పొర్లించి, గోనెసంచిలో చుట్టి, సైకిల్ మీద రాజేశం మామ తెచ్చేవాడు. పెరట్లో వేపచెట్టు నీడన పెద్ద గంగాళం. గడ్డను రోకలితో పగలగొట్టి, గంగాళంలో పోసి, పైన దొడ్డుప్పు చల్లి, మధ్యమధ్యలో మామిడి రసం నింపిన స్టీలు గ్లాసులు నిలబెట్టేవారు. గ్లాసు మూతి మీద తడిగుడ్డ, దాని మీద పిండితో చేసిన బిళ్ల. ఉప్పునీళ్లు లోపలికి పోకుండా. ఇదంతా ఎవరైనా చేస్తారు. అక్క చేసే పని దీని తర్వాత మొదలయ్యేది. రసం అంచుల పొంట గడ్డకట్టగానే బిళ్ల తీసి, గ్లాసులో చెంచా పెట్టి గీకి, మళ్లీ కలిపి, మళ్లీ మూసేది. కాసేపటికి మళ్లీ అదే. ఇట్లా చేయకపోతే నీరంతా ఒకచోట, తీపంతా ఒకచోట చేరుతుంది. పిల్లలు రంగు చీకేసి, చేతిలో మిగిలిన తెల్లగడ్డను చూసి ఏడుస్తారు. అక్క చేసిన ఐసులో చివరి చుక్క వరకూ మామిడిపండే ఉండేది. పుల్లను ఎప్పుడు గుచ్చాలో కూడా ఆమెకే తెలిసేది. ముందు గుచ్చితే వాలుతుంది, ఆలస్యమైతే దిగదు.

ఇంట్లో ఏడాది పొడుగునా కండెలు చుట్టేది గనుక అక్క వేళ్ల సందుల్లో నూలు కోసిన గాట్లుండేవి. ఆ చేతులు ఉప్పు ఐసు నీళ్లలో పెట్టి తీసి, పెట్టి తీసి, సాయంత్రానికి మామిడికాయ బద్దల్లా తెల్లగా ముడుచుకుపోయేవి. మంట పుడుతుందా అని నేనడిగితే, "ముందుగాల పుడ్తది. తర్వాత చేతులే ఉండయి" అనేది. జగిత్యాల నుంచి వచ్చిన పిల్లల్లో వనజక్క అక్క ఈడుదే. ఆమె నీడన మంచం మీద కూర్చుని, గోర్లకు రంగు వేసుకుంటూ, ఏ గ్లాసు తనదో ముందే చూపించి పెట్టుకునేది.

"నువ్వు గూడ ఓ చెయ్యి ఎయ్యరాదే వనజా," అని అమ్మ ఒకసారి అంది.

అమ్మమ్మ లోపలి నుంచే జవాబిచ్చింది. "దానితోని ఏమైతది? నా కోడలు చేత్తోని చేస్తెనే గడ్డ కడ్తది."

కోడలు అంటే సుగుణక్క. ఆమె పుట్టిన పదకొండో దినం నాడు తొట్టెల ముందర నిలబడి, "ఇది నా రాజేశానికే" అని అమ్మమ్మ అందట. అక్క కూతురు తమ్ముడికి అవుతుంది, మా దగ్గర అందరి ఇళ్లల్లో ఉన్నదే. అప్పటి నుంచి అమ్మమ్మ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. కోడలా, పెరడు ఊడ్వు. కోడలా, పసుపు ఆరబెట్టు. కోడలా, ఐసులు కానియ్యి. ఆ ఒక్క మాటతో అమ్మమ్మ ప్రతి ఎండాకాలం ఒక మనిషి చాకిరీ తీసుకునేది. మాట మాత్రం అరగలేదు. వీధిలో వాళ్లు కూడా అక్కను "రాజేశం పెండ్లాం" అని ఆటపట్టించేవారు. అక్క సిగ్గుపడేది. రాజేశం మామ ఐసు పగలగొట్టే నెపంతో గంగాళం పక్కన చేరి, అక్క మీద చల్లటి ముక్కలు విసిరేవాడు. అక్క గోనె కింద ఒక గ్లాసు విడిగా దాచేది, చిక్కటి రసంతో, ఎక్కువసార్లు గీకి కలిపినది. అది మామది. అది ఎవరికీ తెలియదని ఆమె అనుకునేది. నాకు తెలుసు, ఎందుకంటే నాకు వచ్చేది చివరి గ్లాసు, అడుగు రసం. చిక్కటిదంతా ఎక్కడికి పోతోందో పిల్లలు కనిపెడతారు.

ఐసులు పంచడంలో అమ్మమ్మకు ఒక పద్ధతి ఉండేది. ముందు జగిత్యాల పిల్లలు, తర్వాత వీధిలో పెద్దింటి పిల్లలు, తర్వాత మిగతావాళ్లు, చివరికి మేము. "మీరు ఇంటోళ్లే గదనే" అనేది. ఇంటివాళ్లం అనే గౌరవం మూలంగా మాకు కరిగినవి వచ్చేవి. దీని మీద నేనొకసారి గొడవ పెట్టుకుంటే అమ్మ నా తొడ మీద గిల్లింది. అమ్మకు అక్కడ ఏదో దక్కాల్సి ఉంది, దానికోసం ఆమె చాలా మింగుతోంది అని నాకు ఆ గిల్లుడులో అర్థమైంది. దక్కాల్సింది అక్క పెళ్లి. సాంచెల చప్పుడు నుంచి, నూలు దుమ్ము నుంచి ఒక్క పిల్లయినా బయటపడాలని ఆమె కోరిక. బాపు దగ్గు అప్పటికే సాంచె కంటే ఎక్కువ వినిపిస్తోంది.

ఆ ఏడు అమ్మమ్మ ముందే కబురు పెట్టింది, ఈసారి జల్ది రండి, ఇంట్లో పూలు పండ్లు పెట్టుకుంటున్నం అని. పూలు పండ్లంటే పెళ్లి ఖాయం చేసుకోవడం. పిల్ల ఎవరని కబురులో లేదు. ఎవరని అడగాలని మాకు తోచలేదు. తెలిసిన సంగతి ఎవరైనా అడుగుతారా? అక్క అమ్మ చీరల్లోంచి ఆకుపచ్చ అంచు చీర తీసి, మూటలో అడుగున పెట్టుకుంది. వేరే ఇళ్లల్లో అయితే ఆడపిల్లవాళ్లు ఎవరో, మగపిల్లవాళ్లు ఎవరో వచ్చే బండి చూసి చెప్పొచ్చు. మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలూ ఒకే ఇంటి మనవరాళ్లు, ఇద్దరు అల్లుళ్లూ ఒకే గడపలో కాళ్లు కడుక్కునేవాళ్లు. ఎవరు చుట్టాలో, ఎవరు వియ్యంకులో చూసి చెప్పే వీలే లేదు. పొద్దున్నే పెద్దమ్మ, పెదనాన్న, వనజక్క దిగారు. ప్రతి ఏడూ దిగేవాళ్లే కదా. వనజక్క మంచి చీర కట్టుకుంది. ఆమె ఎప్పుడూ మంచి చీరే కట్టుకునేది.

"కోడలా, ఇయ్యాల గంగాళం నిండ చెయ్యాలె. పెద్దమనుషులస్తున్నరు, పోరగాండ్లకు గూడ తక్కువ పడొద్దు," అని అమ్మమ్మ పురమాయించింది. అక్క నవ్వుకుంటూ చీర మీద పాత గుడ్డ చుట్టుకుని గంగాళం ముందు కూర్చుంది. తన పెళ్లి మాటకు తానే ఐసు చేసుకోవడం ఆమెకు తమాషాగా అనిపించింది. "సూడే, పెండ్లిపిల్లతోని గూడ పని జేపిస్తున్నరు," అని నా చెవిలో అంది.

నేను నీళ్ల కోసం వంటింట్లోకి పోతే, అమ్మ మూలకు నిలబడి గోడను చూస్తోంది. అమ్మమ్మ బియ్యం ఏరుతూ, పప్పు ధర చెబుతున్నంత నిమ్మళంగా మాట్లాడుతోంది. "పెద్దల్లుడు రాజేశాన్ని ఆఫీసుల పెట్టిస్తనన్నడు. నీ మొగడు ఏం పెట్టిస్తడు, సాంచె మీదనా? వాని బతుకు సూడాలె గద. సుగుణకు వేరే సూద్దాం తియ్యి." అమ్మ ఏమంటుందోనని నేను చూశాను. అమ్మ గోడనే చూస్తూ, "మరి పిల్లకెవలు చెప్తరు?" అంది.

"చెప్పుడేంది? అదే తెలుస్తది. ముందుగాల ఐసుల పని కానియ్యి."

అమ్మ కానిచ్చింది. నన్ను చేయి పట్టి కూర్చోబెట్టి, పెరట్లోకి పోనివ్వలేదు. కిటికీలోంచి అక్క కనిపిస్తోంది. బిళ్ల తీయడం, గీకడం, కలపడం, మూయడం. ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువసార్లు గీకింది. పని కాలేదంటే అత్తగారింట్లో మొదటి రోజే మాట వస్తుందని కాబోలు.

సాయంత్రం చాప మీద పెద్దమనుషులు కూర్చున్నారు. పీట వేశారు. అక్క పాత గుడ్డ విప్పి, ఆకుపచ్చ అంచు సర్దుకుని, పళ్లెం నిండా ఐసులు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే పండ్లు, పూలు, రవికెగుడ్డ ఉన్న తాంబాళం పట్టుకుని ఒక ముత్తయిదువ లేచి, నడిచి, అక్కను దాటి, వనజక్క ముందు ఆగింది. వనజక్క అప్పటికే పీట మీద కూర్చుని ఉంది. అక్క పళ్లెంతో నిలబడిపోయింది. పిల్లలు ఆమె చుట్టూ మూగి చేతులు చాపుతున్నారు. కండె పుల్లల మీద నుంచి పసుపు రంగు చుక్కలు పళ్లెంలోకి కారుతున్నాయి. ఏదన్నా అంటే అమ్మమ్మే అనాలి. ఆమె చాలా ప్రేమగా అంది.

"నిలవడకు బిడ్డా. కరుగుతయి."

కోడలు అనలేదు. ఆ ఎండాకాలాలన్నింటిలో మొదటిసారి బిడ్డ అంది. అక్క పంచింది. ముందు జగిత్యాల పిల్లలు, తర్వాత పెద్దింటి పిల్లలు, వరస తప్పలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన ఐసు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని, "అబ్బ, ఈ పిల్ల ఏ ఇంటికి పోతదో గని, ఆ ఇంటోళ్లది అదృష్టం," అన్నాడు. అందరూ అవునన్నారు. మా పెదనాన్న కూడా అన్నాడు. గోనె కింద దాచిన గ్లాసు అక్క చివరికి తీసుకుపోయి మామకు ఇచ్చింది. ఏం చెబుతాడోనని నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. మామ దాన్ని మొదలంటా చీకి, పుల్ల కూడా నాకి, "మస్తు పడ్డదే సుగుణా. ఇంకోటున్నదా?" అన్నాడు.

ఉంది. ఇచ్చింది.

తర్వాత అక్కకు మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం చేసే మంచి మనిషితో పెళ్లయింది. మా బావకు చల్లటివి పడవు, పళ్లు జివ్వుమంటాయి. అక్కకు అంతకంటే మంచి సంబంధం దొరకదని నేనెప్పుడూ అంటాను. పిల్లలు ఐసు అడిగితే అక్క బండివాడిని పిలిచేది. మామకు పెదనాన్న చెప్పిన ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికి పెదనాన్న దగ్గర ఏడాదికొక కారణం ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో ఎండాకాలం వస్తే నా కోడలు రబ్బరు అచ్చుల్లో మామిడి గుజ్జు, పెరుగు పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. ఏనుగు, చేప, రాకెట్టు. మనవడు రాకెట్టు కొన కొరికి, మిగిలింది సింకులో పెట్టి పోతాడు. ఎవరి వంతు ముందు, ఎవరి వంతు చివర అనేది లేదు. నాకు సంతోషమే. ఇంత మంచి రోజులు వచ్చినందుకు ఒక్కోసారి ఆ పిల్లవాడిని పట్టుకుని తొడ మీద గిల్లాలనిపిస్తుంది.

వనజత్త చల్ల తాగి గ్లాసు కింద పెట్టింది. ఇక నేను కూడా ఎంతసేపని చూస్తాను. అక్కకు ఫోన్ చేసి, ఇద్దరికీ వినపడేట్లు స్పీకర్ పెట్టాను. పెళ్లిళ్లలో, చావుల్లో తప్ప వాళ్లిద్దరూ మాట్లాడుకోరు. సంగతి నేనే చెప్పాను. అక్క, నిన్న చేసి పెట్టినట్లుగా, పండు ఎంపిక దగ్గర నుంచి పుల్ల గుచ్చే దాకా అంతా వరసగా చెప్పింది. వనజత్త ఫోన్ వైపు వంగి, బుద్ధిగా తలూపుతూ విన్నది. అంతా అయ్యాక అక్క ఊపిరి తీసుకుంది.

"వనజా, గీ ఎండల నీకెందుకే గదంత? ఉప్పునీళ్లల చేతులు పెట్టి కూసుంటవా ఈ వయసుల? మీ గల్లీ దుకాణంల మామిడి ఐసు కొనుక్కపో. గ్లాసుల ఏసి, సుగుణ చేసి పంపిందని చెప్పు. గంతే."

"గుర్తుపట్టడా సుగుణా?"

"పడ్తె పట్టనియ్యి. లేచి కొడ్తడా?"

అక్క నవ్వింది. వనజత్త నవ్వలేదు. "ఏ పూట ఏం వండినా నీ చెయ్యే యాదికి తెచ్చిండు నాకు," అంది మెల్లగా. "కూర మంచిగైనా గంతే, కాకున్నా గంతే." అక్క, మామను బాగా చూసుకో అని చెప్పి పెట్టేసింది. వనజత్త ఎండ తగ్గే దాకా కూడా ఉండకుండా బస్సుకు పోయింది.

ఆ వారంలోనే నాకు ఫోన్ చేసింది. ఇంట్లో రోగి ఉన్న మనిషి గొంతులా లేదు. పెళ్లి పీట మీద కూర్చున్న రోజు కూడా ఆ గొంతు అంత హుషారుగా వినలేదు నేను. "దుకాణంలదే పెట్టిన శోభా. మొత్తం తిన్నడు. కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. సుగుణ చెయ్యి మారలేదు, గదే రుచి అన్నడే!" అని, నవ్వు ఆపుకోలేక ఫోన్ పక్కన పెట్టింది. ఆమె నవ్వడం, వెనకాల మామ ఏదో అడగడం, "ఇంకోటా? ఉన్నది, తెస్త," అని ఆమె అనడం అన్నీ వినిపించాయి. ఇన్నేళ్లకు ఆమె గెలిచింది. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

అక్కకు చెప్పకుండా ఉండాల్సింది. మామ తినలేదనో, ఉమ్మేశాడనో అంటే సరిపోయేది. కానీ ఏమైందని ఆమే ఫోన్ చేసి అడిగింది, అది కూడా పొద్దున్నే, బావ లేవకముందే. ఉన్నదున్నట్లు చెప్పాను. మొత్తం తిన్నాడు, అదే రుచి అన్నాడు, ఇంకోటి అడిగాడు. చెప్పి, అక్క నవ్వుతుందని ఆగాను. దుకాణంలో కొనమన్నది ఆమే కదా.

అక్క నవ్వలేదు. "నేను గుర్తుపడ్తడనుకున్ననే," అంది.

పోనీలే అక్కా, మందుల మనిషి, నాలుకకు రుచి తెలియదు అన్నాను. ఆమె విన్నట్లు లేదు.

"గా దుకాణం ఐసు నాకెర్కే," అంది. "అండ్ల మామిడిపండే ఉండదు."